లూయిజ్ రాణి వెంట: వాసెనార్ నుంచి ట్రోండ్‌హైమ్ దాకా

నెదర్లాండ్స్ రాజకుటుంబంలో పుట్టి పరాయి దేశానికి పట్టపురాణిగా వెళ్ళిన ఆడపడుచులు చాలా అరుదు. వాళ్ళలో లూయిజ్ ఒకరు. 1828 ఆగస్టు 5న హేగ్‌లో పుట్టింది. 1850లో స్వీడన్, నార్వేల యువరాజు కార్ల్‌ని పెళ్ళాడింది. అప్పట్లో ఆ రెండు దేశాలకూ ఒకే రాజు. 1859లో భర్త పదిహేనో కార్ల్‌గా గద్దెనెక్కడంతో ఈవిడ రెండు దేశాలకూ రాణి అయింది. 1871లో, 42 ఏళ్ళకే పోయింది. టూరిస్టు పుస్తకాల్లో ఆవిడ గురించి ఒక్క వాక్యం దొరికితే గొప్ప.

మేముండేది ఆమ్‌స్టర్‌డామ్ పక్కన ఆమ్‌స్టెల్‌వీన్‌లో. తెనాలి నుంచి వచ్చిన మా పిన్ని హిస్టరీ లెక్చరర్‌గా చేసి రిటైరైంది. "తులిప్ తోటలూ గాలిమరలూ అందరూ ఫొటోల్లో పెడుతూనే ఉన్నారు. నాకు ఒక మనిషి కథ పట్టుకుని తిరగాలనుందే" అంది. హేగ్ పక్కన వాసెనార్, స్టాక్‌హోమ్, ఓస్లో, ట్రోండ్‌హైమ్ అని దారి గీసుకున్నాం. ఇదే దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందే ఒక మాట. ఎక్కువ టికెట్ పెట్టిన చోట లూయిజ్ తక్కువ కనబడింది. ఉచితంగా తిరిగిన చోటా, జనం తక్కువున్న చోటా ఎక్కువ కనబడింది.

వీసా సంగతి పెద్దగా చెప్పడానికేం లేదు. నెదర్లాండ్స్, స్వీడన్, నార్వే మూడూ షెంగెన్ దేశాలే కాబట్టి ఒకే వీసా చాలు. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికి అప్లై చేయాలి. ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పిన్ని మా ఇంట్లోనే ఎక్కువ రోజులుంటుంది కాబట్టి హైదరాబాద్‌లో నెదర్లాండ్స్‌కే పెట్టాం. అసలు తలనొప్పి తేదీలతో వచ్చింది. లూయిజ్‌తో సంబంధమున్న చోట్లలో సగం వేసవిలోనే తెరుస్తారు, అదీ అన్నీ ఒకేసారి తెరిచి ఉండేది జూన్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా. పైగా జూన్ 19, 25 మధ్య వచ్చే శుక్రవారం స్వీడన్‌లో మిడ్‌సమ్మర్ పండగ. మన సంక్రాంతికి సిటీ ఖాళీ అయినట్టు ఆ రోజు స్టాక్‌హోమ్ ఖాళీ అయిపోతుంది, దుకాణాలు కూడా మూసేస్తారు. ఆ వారాంతం తప్పించుకోండి.

మొదటి మజిలీ వాసెనార్. ఆ ఊరికి రైల్వే స్టేషన్ లేదు, హేగ్ సెంట్రల్ నుంచి బస్సులో వెళ్ళాలి. నెదర్లాండ్స్ బస్సుల్లో, రైళ్ళలో టికెట్ కొననక్కర్లేదు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బ్యాంకు కార్డు మిషన్‌కి ఆనిస్తే సరిపోతుంది. కాకపోతే ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి. ఇండియా నుంచి వచ్చే పెద్దవాళ్ళ దగ్గర కాంటాక్ట్‌లెస్ పనిచేసే కార్డు ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి.

లూయిజ్ తండ్రి ప్రిన్స్ ఫ్రెడరిక్ మొదటి విలియం రాజుకి రెండో కొడుకు. తల్లి ప్రష్యా రాజు కూతురు. ఫ్రెడరిక్ డబ్బున్నవాడు, తోటల పిచ్చి ఉన్నవాడు. 1838లో వాసెనార్‌లో డి పావ్ అనే ఎస్టేట్ కొన్నాడు. అప్పటికి లూయిజ్‌కి పదేళ్ళు. తర్వాత జర్మనీలో పేరుమోసిన మస్కావ్ పార్కుని కూడా ఆయనే కొన్నాడు. ఇప్పుడది యునెస్కో జాబితాలో ఉంది. డి పావ్ తోటని కూడా మస్కావ్‌లో పనిచేసిన తోటల నిపుణుడు పెట్‌జోల్డ్ చేతే తీర్పించాడు. పెద్ద తెల్ల భవనం, దాని ముందు పచ్చిక, చెరువు, వంపులు తిరిగే దారులు. భవనాన్ని తర్వాతి కాలంలో వాసెనార్ పురపాలక సంఘం తీసుకుంది. లోపల మ్యూజియం లాంటిదేమీ లేదు, మన పేరున పెళ్ళి ముహూర్తమేదైనా ఉంటే తప్ప లోపల తిరగడానికి లేదు. తోటకి మాత్రం టికెట్ లేదు, గేటు లేదు, గైడు లేడు.

నిజానికి ఈ ట్రిప్పు మొత్తంలో పిన్నికి బాగా నచ్చింది ఇదే. ఒక బెంచీ మీద కూర్చుని, "పద్దెనిమిదో పందొమ్మిదో ఏళ్ళ పిల్లకి ఈ తోట వదిలి వెళ్ళమంటే ఎలా ఉండి ఉంటుందే?" అంది. పెళ్ళినాటికి లూయిజ్‌కి 21 ఏళ్ళని నేను సరిచేశాను. "అయితే ఏం, ఆ రోజుల్లో స్వీడన్‌లో రైలు కూడా లేదు కదా" అంది. అది నిజమే. స్వీడన్‌లో జనం ఎక్కే ఆవిరి రైలు 1856లో గానీ మొదలవలేదు. హాలండ్‌లో అప్పటికే పదేళ్ళకు పైగా రైళ్ళు తిరుగుతున్నాయి. హేగ్ పిల్ల స్టాక్‌హోమ్ కోడలవడమంటే నాగరికతలో ఒక మెట్టు వెనక్కి వెళ్ళినట్టే. ఎందుకిచ్చారంటే, ఇద్దరికీ లాభం కుదిరింది. కార్ల్ వాళ్ళ బెర్నడాట్ వంశం కొత్తది, ఆయన తాత ఫ్రెంచి సైన్యాధికారి, వాళ్ళకి పాత రాజవంశాలతో వియ్యం కావాలి. ఫ్రెడరిక్ కూతురంటే వంశమూ ఉంది, ఆస్తీ ఉంది.

అక్కడి నుంచి కాస్త దూరంలో డి హోర్‌స్టెన్ అనే రాజ ఎస్టేట్ ఉంది. అది కూడా ఒకప్పుడు ఫ్రెడరిక్‌దే, ఇప్పటి రాజుగారి కుటుంబం హేగ్‌కి మారేదాకా ఉన్న ఇల్లు అందులోనే ఉంది. చిన్న టికెట్ ఉంటుంది. సైకిల్ ఉంటే వెళ్ళండి, లేకపోతే డి పావ్ చాలు.

భోజనం హేగ్‌లో చేయండి, వాసెనార్‌లో వద్దు. వాసెనార్ డబ్బున్నవాళ్ళ ఊరు, కాఫీ తాగితే బిల్లే చెబుతుంది. హేగ్‌లో సురినామ్ నుంచి వచ్చిన హిందుస్తానీలు బాగా ఎక్కువ. వాళ్ళ ముత్తాతలు 1873 నుంచి కలకత్తా రేవులో ఓడలెక్కి డచ్చి తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. వాళ్ళ హోటళ్ళలో రోటీ అడిగితే పెద్ద మెత్తటి రొట్టె, బంగాళాదుంప కూర, పొడుగు చిక్కుళ్ళు పెడతారు. శాకాహారం కావాలని ముందే చెప్పాలి, లేకపోతే చికెన్ వేసేస్తారు. పిన్ని కూర అడిగి మరీ ఇంకోసారి వేయించుకుంది.

స్టాక్‌హోమ్‌లో బస విషయంలో దెబ్బ తిన్నాం. పాత పట్టణంలో అయితే చర్చి, రాజభవనం, సమాధులు అన్నీ నడిచే దూరంలో ఉంటాయని అక్కడే ఒక అపార్ట్‌మెంట్ గది తీసుకున్నాం. నాలుగో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్లు సన్నగా మెలికలు తిరిగి ఉన్నాయి. ప్రకటనలో ఆ ముక్క ఎక్కడా రాయలేదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఉందని చెబితే, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిరాదన్నారు. పాత పట్టణంలో ఇళ్ళు చాలావరకు ఇలాగే ఉంటాయి కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్తే సెంట్రల్ స్టేషన్ వైపు లిఫ్ట్ ఉన్న మామూలు హోటల్ చూసుకోండి. కుర్రాళ్ళయితే నీటి మీద నిలిపిన పాత ఓడ అఫ్ చాప్‌మన్ ఉంది, 1949 నుంచి హాస్టల్‌గా నడుస్తోంది. దాని కిటికీలోంచి రాజభవనం ఎదురుగానే ఉంటుంది. పిన్ని బంక్ బెడ్ ఎక్కనని ఖరాఖండీగా చెప్పేసింది కాబట్టి మాకు కుదర్లేదు.

తిండికి స్వీడన్‌లో ఒక మంచి అలవాటుంది. పనిదినాల్లో మధ్యాహ్నం చాలా హోటళ్ళలో రోజు భోజనం పెడతారు. ఒక్క ధరకి కూర, సలాడ్, బ్రెడ్, కాఫీ అన్నీ వస్తాయి, శాకాహారం కూడా ఒకటి ఉంటుంది. అదే హోటల్లో రాత్రి తింటే దాదాపు రెట్టింపవుతుంది. నోట్లు మార్చుకుని వెళ్ళకండి. చాలా చోట్ల డబ్బు ముట్టుకోరు, అంతా కార్డే.

లూయిజ్ పెళ్ళి 1850 జూన్ 19న స్టూర్‌షిర్కన్ చర్చిలో జరిగింది. పదేళ్ళ తర్వాత, 1860 మే 3న, భర్త పుట్టినరోజున ఇద్దరి కిరీటధారణ కూడా అక్కడే. లోపలికి టికెట్ ఉంది. అందరూ వెళ్ళేది 1489 నాటి సెయింట్ జార్జ్, డ్రాగన్ చెక్క శిల్పం కోసం, అది నిజంగానే చూడదగ్గది. లూయిజ్‌ని వెతుక్కుంటూ వెళ్ళిన మాకు పెళ్ళి గురించి ఒక్క బోర్డూ కనబడలేదు. అయినా ఆ ఇటుక స్తంభాల మధ్య నుంచి నడుచుకుంటూ వెళ్ళిందిక్కడే అనుకోవడానికి చర్చి పనికొస్తుంది. పావుగంట చాలు.

రాజభవనం మాత్రం నిరాశ. 600కు పైగా గదులున్న భవనం, టికెట్ ఖరీదు, వేసవిలో తోపులాట. బెర్నడాట్ వంశం వాళ్ళ గదులని ఒక వరస మొత్తం చూపిస్తారు, బొమ్మలూ పింగాణీ దండిగా ఉన్నాయి. కానీ ఆడియో గైడు మగవాళ్ళ చుట్టూనే తిరుగుతుంది. లూయిజ్ చివరి శ్వాస విడిచింది ఈ భవనంలోనే, ఆ సంగతి మాకు అక్కడ వినబడలేదు. ఇంకో చిక్కు ఏమిటంటే, స్వీడన్‌లో ఆవిడ పేరు లోవిసా. కూతురి పేరూ లోవిసాయే. ఖజానాలో పెట్టిన రాణి కిరీటం 1751లో లోవిసా ఉల్రికా అనే మరో రాణికి చేయించినది. బోర్డు మీద లోవిసా అని కనబడితే పక్కన ఏ సంవత్సరం ఉందో చూసుకోకపోతే వేరే ఆవిడ దగ్గర నిలబడి ఫొటో దిగేస్తారు. రాజభవనం టికెట్ డబ్బుతో ఇద్దరం రెండు పూటలు తినొచ్చు. నన్నడిగితే బయట గార్డుల మార్పు ఉచితంగా చూసి పక్కనున్న రిద్దర్‌హోల్మెన్ దీవికి వెళ్ళిపోండి.

రిద్దర్‌హోల్మెన్ చర్చి స్వీడన్ రాజుల శ్మశానం. ప్రార్థనలు జరగవు, గోడలనిండా బిరుదులు పొందినవాళ్ళ రంగురంగుల చిహ్నాలు. పైన ఉన్న జాలీ లాంటి శిఖరం 1835 మంటల తర్వాత పోత ఇనుముతో కట్టింది. బెర్నడాట్ సమాధి మందిరం 1860లో పూర్తయింది. మధ్యలో మొదటి బెర్నడాట్ రాజు పెద్ద రాతి పేటిక ఉంటుంది, జనం చూపంతా దాని మీదే. లూయిజ్, ఆమె భర్త ఇదే చర్చిలో ఉన్నారు. భర్త ఆమె పోయిన ఏడాదిన్నరకే, 1872 సెప్టెంబరులో పోయాడు.

ఇక్కడ పిన్ని కథంతా చెప్పమంది, చెప్పాను. పెళ్ళైన మరుసటి ఏడాది కూతురు. ఆ మరుసటి ఏడాది, 1852 డిసెంబరులో కొడుకు కార్ల్ ఆస్కర్ పుట్టాడు. వాడు 1854 మార్చిలో, ఏడాది మూడు నెలల వయసులో, తట్టు వచ్చి అది ముదిరి పోయాడు. తర్వాత ఆవిడకి పిల్లలు కలగలేదు. స్వీడన్‌లో గద్దె మగవాళ్ళకే, కూతురికి హక్కు లేదు. రాజుగారికి బయటి సంబంధాలున్నాయన్నది బహిరంగ రహస్యం. ఆయన అందగాడు, బొమ్మలు వేసేవాడు, కవిత్వం రాసేవాడు, జనానికి ఆయనంటే మోజు. ఈవిడ సిగ్గరి, నెమ్మదస్తురాలు. "మగపిల్లాడు లేడని రాణివాసంలో మాటలు పడింది చాలదా, పైన ఇదొకటా" అని పిన్ని గట్టిగానే అంది. అక్కడున్న కాపలా అమ్మాయి మావైపు ఓసారి చూసి ఊరుకుంది. 1870 డిసెంబరులో లూయిజ్ తల్లి పోయింది. అప్పటికే ఆరోగ్యం అంతంతమాత్రం. 1871 మార్చి 30న న్యుమోనియాతో తనూ పోయింది. భర్త తర్వాత గద్దె ఆయన తమ్ముడికి వెళ్ళింది.

చర్చి వేసవిలోనే ప్రతిరోజూ తెరిచి ఉంటుంది. టికెట్ రాజభవనం కంటే బాగా తక్కువ. గైడు టూర్ ఇంగ్లీషులో ఉన్న వేళ కనుక్కుని వెళ్తే మేలు.

ఉల్రిక్స్‌డాల్ అనే ఇంకో రాజభవనానికి మెట్రోలో బెర్గ్స్‌హామ్రా దాకా వెళ్ళి, అక్కడి నుంచి నడవొచ్చు, బస్సూ ఉంది. స్టాక్‌హోమ్ మెట్రో టికెట్ 75 నిమిషాలు పనిచేస్తుంది, బస్సుకి మళ్ళీ కొననక్కర్లేదు. అంతకుముందు ముసలి సైనికుల ఆశ్రమంగా పడి ఉన్న ఈ నీటి ఒడ్డు భవనాన్ని కార్ల్ యువరాజుగా ఉన్నప్పుడు తీసుకుని బాగుచేయించాడు. ఆయనకీ లూయిజ్‌కీ వేసవి విడిది ఇదే. భవనం లోపలికి వేసవిలో కొన్ని రోజులే, గైడుతోనే. అక్కడా చిక్కే: గైడు ఎక్కువసేపు చెప్పేది 1923లో ఫర్నిచర్ డిజైనర్ కార్ల్ మాల్మ్‌స్టెన్ చేసిన హాలు గురించి. అది ఇంకో లూయిజ్‌ది, ఇంగ్లండ్ నుంచి వచ్చి తర్వాతి కాలంలో రాణి అయిన లూయిజ్ మౌంట్‌బాటెన్‌ది.

కానీ లోపలికి వెళ్ళకపోయినా నష్టం లేదు. బయట ఒక చిన్న చర్చి ఉంది, 1865లో షోలాండర్ అనే ఆర్కిటెక్ట్ కట్టింది. మెట్లు మెట్లుగా ఉన్న గోడ అంచులు, ఇటుకల మధ్య తెల్లరాయి, అచ్చం డచ్చి పద్ధతి. వాసెనార్ నుంచి వచ్చిన మాకు వెంటనే తెలిసిపోయింది. రాణి కోసమే అలా కట్టారా అంటే చెప్పలేను గానీ, వేసవి విడిదికి వచ్చినప్పుడు ఆ గోడని చూసిందన్నది మాత్రం ఖాయం. పక్కనే మొక్కల నర్సరీ, అందులో కేఫ్. తోటలో కోసిన ఆకులతో సలాడ్ పెడతారు. స్టాక్‌హోమ్‌లో ఒక్క పూటే ఉంటే నేను రాజభవనం మానేసి ఇక్కడికి వస్తాను.

ఓస్లోకి రైల్లో వెళ్ళాం, అయిదారు గంటల ప్రయాణం, సీటు బాగుంది, ముందు కొంటే చవక. కార్ల్ నార్వేలో రాజప్రతినిధిగా ఉన్నప్పుడు 1856, 57ల్లో ఇద్దరూ ఇక్కడ కాలం గడిపారు. రాజభవనం లోపలికి వేసవిలో గైడు టూర్లున్నాయి, ముందే బుక్ చేసుకోవాలి. మాకు దొరకలేదు, పార్కులో తిరిగి వచ్చేశాం. ఓస్లోలోనే బిగ్డోయ్ అనే చోట ఆస్కార్స్‌హాల్ అనే చిన్న కోట ఉంది, కార్ల్ తండ్రి కట్టించాడు, కార్ల్ 1863లో ప్రభుత్వానికి అమ్మేశాడు. టైముంటే చూడండి.

ఓస్లో నుంచి ట్రోండ్‌హైమ్‌కి పగటి రైలు ఏడు గంటల చిల్లర. డోవ్రే కొండల మీదుగా వెళ్తుంది. ఆ లైను 1921లో వచ్చింది కాబట్టి లూయిజ్ ఈ సుఖం ఎరగదు. విమానం గంటే, ధర కూడా దగ్గరదగ్గరే, అయినా రైలే ఎక్కండి. పెరుగన్నం, పులిహోర కట్టుకుని వెళ్ళాం. నార్వే రైల్లో శాండ్‌విచ్ ధర చూశాక అది ఎంత తెలివైన పనో అర్థమైంది.

నిదరోస్ కెథడ్రల్ ముందు నిలబడితే శిల్పాలతో నిండిన గోడ ఆకాశమంత ఎత్తు కనబడుతుంది. లూయిజ్ దాన్ని చూడలేదు. ఆవిడ వచ్చేనాటికి పడమటి భాగమంతా శిథిలం, మరమ్మతులు మొదలైంది 1869లో. 1860 ఆగస్టు 5న, ఆవిడ 32వ పుట్టినరోజున, కప్పు మిగిలిన తూర్పు భాగంలో కిరీటధారణ జరిగింది. స్వీడన్‌లో భర్త పుట్టినరోజున, నార్వేలో భార్య పుట్టినరోజున. ముహూర్తం పెట్టినవాళ్ళు కనీసం ఆ మర్యాద పాటించారు. ఈ వంశంలో నార్వే గడ్డ మీద కిరీటం పెట్టించుకున్న మొదటి రాణి ఈవిడే. రాణి కిరీటం 1830లోనే మొదటి బెర్నడాట్ రాజు భార్య డెసిడేరియా కోసం చేయించారు. ఆవిడా, తర్వాతి రాణి యోసెఫినా కూడా క్యాథలిక్కులు కావడంతో ప్రొటెస్టెంట్ బిషప్పులు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళు పెట్టెలో మగ్గిన కిరీటం లూయిజ్ తలకెక్కింది.

ఆ కిరీటం ఇప్పుడు చర్చి పక్కనే ఆర్చ్‌బిషప్ భవనంలో ప్రదర్శనలో ఉంది. చర్చి, మ్యూజియం, కిరీటాలు మూడింటికీ కలిపి ఒకే టికెట్ దొరుకుతుంది, అదే తీసుకోండి. గది చిన్నది, చీకటిగా ఉంటుంది, జనం లేరు. రాళ్ళు పొదిగిన ఆ కిరీటాన్ని పిన్ని అద్దానికి ముక్కు ఆనించి చూసింది. స్టాక్‌హోమ్‌లో దొరకని సంగతి ఇక్కడి బోర్డు మీద దొరికింది: ఈ కిరీటాన్ని ఎవరెవరు పెట్టుకున్నారన్నది. లూయిజ్, తర్వాత తోటికోడలు సోఫియా, ఆ తర్వాత 1906లో మౌడ్. మౌడ్ భర్త ఏడో హాకన్ ఎవరనుకున్నారు? లూయిజ్ కూతురు లోవిసా తర్వాత డెన్మార్క్ రాణి అయింది, ఆవిడ రెండో కొడుకే ఈయన. 1905లో నార్వే స్వీడన్ నుంచి విడిపోయి జనం ఓటుతో తెచ్చుకున్న రాజు. కొడుకు లేడని వంశం ఆగిపోయిందనుకున్న మనిషి మనవడు అదే చర్చిలో కిరీటం పెట్టుకున్నాడు. ఇప్పటి నార్వే, డెన్మార్క్, బెల్జియం రాజకుటుంబాలన్నిట్లో ఆవిడ రక్తం ఉంది. "కూతురికి హక్కు లేదన్నారుగా, తీసుకోండి ఇప్పుడు!" అని పిన్ని చప్పట్లు కొట్టినంత పని చేసింది.

ఊరి మధ్యలో స్టిఫ్ట్స్‌గార్డెన్ అనే చెక్క భవనం ఉంది, 1778లో పూర్తయింది, 140 గదులు. కిరీటధారణలప్పుడు రాజులు బస చేసేది ఇక్కడే. పసుపు రంగు చెక్క పలకలు, లోపల నేల కిర్రుమంటుంది. వేసవిలో గంటకో గైడు టూర్, వేరేగా తిరగనివ్వరు. రాజుగారు ఊళ్ళో ఉంటే మూసేస్తారు. మా గైడు కాలేజీ కుర్రాడు, పిన్ని అడిగిన ప్రతి ప్రశ్నకీ ఓపిగ్గా సమాధానం చెప్పాడు, తెలియనివి తెలియవన్నాడు. ఈ ట్రిప్పులో అన్నిటికంటే మంచి సర్వీసు అదే.

ట్రోండ్‌హైమ్‌లో వంటగది ఉన్న హాస్టల్లో ఇద్దరికీ విడిగా గది తీసుకున్నాం. శుభ్రంగా ఉంది, దుప్పట్లకి విడిగా డబ్బు కట్టాలి. జూన్, జులైలో ఇక్కడ రాత్రి సరిగా చీకటి పడదు. గదికి మందం కర్టెన్లున్నాయా అని అడిగి బుక్ చేయండి, లేదా కళ్ళకి కట్టుకునే గుడ్డ పెట్టుకోండి. కూరగాయలు రేమా, కివి లాంటి సూపర్ మార్కెట్లలో కొంటే ఖర్చు బాగా తగ్గుతుంది. జులై 29 చుట్టుపక్కల సెయింట్ ఓలవ్ ఉత్సవాలు జరుగుతాయి, గదుల ధరలు మండిపోతాయి. పండగ కోసం కాకపోతే దానికి రెండు వారాల ముందు వెళ్ళండి. ఎయిర్‌పోర్ట్ ఊరికి దూరం, బస్సు కంటే రైలు చవక.